మోటారు గది, పశువుల పాక, సామాన్ల కొట్టం చుట్టూ కలుపును అదుపు చేయడం

పంట చాళ్ళలో మొలిచిన కలుపును వారం తిరగకముందే తీయించే రైతు కూడా మోటారు గది వెనుక నడుము ఎత్తు పెరిగిన గడ్డిని ఏళ్ళ తరబడి చూసీ చూడనట్టు వదిలేస్తుంటాడు. అక్కడ పంట లేదు కాబట్టి దిగుబడి తగ్గదు, కూలి పెట్టినందుకు తిరిగి వచ్చేదేమిటో కంటికి కనిపించదు. అయితే తోటలో ఎలుకలూ పందికొక్కులూ కాపురం పెట్టేది, వాటిని వెతుక్కుంటూ పాములు చేరేది, పశువులను పట్టే గోమార్లు (పిడుదులు) గుడ్లు పెట్టేది, ఏటా పొలమంతటికీ గాలితో, నీటితో కలుపు విత్తనం చేరేది చాలావరకు ఆ గోడల వెంబడి ఉన్న జాగా నుంచే. పునాదిలో తడి నిలవడం, ఆ తడిని పట్టుకొని చెదలు తలుపు చట్రం దాకా ఎక్కడం, వేసవిలో ఎండిన గడ్డికి నిప్పురవ్వ తగిలి తాటాకు పాక అంటుకోవడం కూడా ఈ నిర్లక్ష్యం నుంచి వచ్చే నష్టాలే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని మామిడి, కొబ్బరి, నిమ్మ తోటల్లో సాధారణంగా కనిపించే మూడు కట్టడాలను, అంటే బోరు పక్కన ఉండే మోటారు గదిని, పశువుల పాకను, ఎరువులూ పనిముట్లూ పెట్టుకొనే కొట్టాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ పద్ధతులు రాస్తున్నాను. ఇంటి పెరట్లో చిన్న రేకుల షెడ్డు ఉన్నవారికి కూడా ఇవే వర్తిస్తాయి. తోటలో గడ్డి పరక లేకుండా చేయాలనుకోవడం అనవసరమైన శ్రమ అని నా అభిప్రాయం. గోడ నుంచి మూడు అడుగుల వెడల్పున ఒక పట్టీని ఏడాది పొడవునా శుభ్రంగా ఉంచి, దాని అవతల గడ్డిని జానెడు ఎత్తు మించకుండా కోసుకుంటే చాలు. డబ్బయినా, శ్రమయినా ఆ మూడడుగుల మీద పెట్టినదే నిలుస్తుంది.

కలుపు అక్కడే ఏపుగా పెరగడానికి కారణం

చూరు నుంచి కారే వాన నీరు ప్రతిసారీ ఒకే గీత మీద పడుతుంది. పదడుగుల వెడల్పున్న రేకు మీద కురిసిన వానంతా జానెడు వెడల్పున్న నేల మీదికి దిగడం వల్ల ఆ గీత వెంబడి నేల మిగతా పొలం కన్నా చాలా రోజులు తడిగా ఉంటుంది. బోరు దగ్గర పైపు అతుకుల నుంచి కారే నీరు, పశువుల పాకలో కడిగిన నీరు, పేడ, మూత్రం కూడా అక్కడికే చేరతాయి. నీరు, నత్రజని రెండూ ఉండి, నాగలి గానీ ట్రాక్టరు గానీ ఎన్నడూ తగలని నేల కాబట్టి అక్కడ కలుపు ఏపుగా పెరగడంలో వింత లేదు. అందుచేత పార పట్టుకొనే ముందు నీటి దారి చూడాలి. రేకుల చివర పి.వి.సి. తొట్టి, దాని నుంచి నేల దాకా ఒక గొట్టం అమర్చి ఆ నీటిని కాలువలోకో చెట్టు పాదులోకో మళ్ళిస్తే కలుపు సమస్యలో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది. కారే వాల్వు వాషరు మార్చడం కూడా కలుపు నివారణ కిందికే వస్తుంది.

ఏ మొక్క ఎలా తిరిగి వస్తుంది

కలుపు మొక్కలన్నిటినీ ఒకే తీరున చూస్తే పని రెట్టింపవుతుంది. వీటిలో కొన్ని ప్రధానంగా విత్తనం మీద ఆధారపడి బతుకుతాయి. వయ్యారిభామ, ఉత్తరేణి, గడ్డిచామంతి, ముళ్ళ తోటకూర, పల్లేరు, తుమ్మి, కుక్కవామింట, నేల ఉసిరి ఇటువంటివి. వీటిని పూత రాకముందు వేరుతో లాగేస్తే ఆ మొక్క కథ ముగిసినట్టే. పూత వచ్చి, విత్తనం రాలిన తరువాత ఎంత శుభ్రంగా కోసినా రాబోయే కొన్నేళ్ళకు సరిపడా విత్తనం నేలలో చేరిపోయి ఉంటుంది.

వయ్యారిభామ విషయంలో ఈ తొందర మరీ అవసరం. 1955లో పుణెలో గుర్తించిన తరువాత దేశమంతా వ్యాపించిన ఈ మొక్క ఒక్కొక్కటీ వేల సంఖ్యలో విత్తనాలను రాలుస్తుంది. దీని పుప్పొడి తగిలితే కొందరికి ఆయాసం, తుమ్ములు వస్తాయి. మొక్కను ఒట్టి చేతులతో పదే పదే ముట్టుకొనేవారికి చర్మం మీద దద్దుర్లు లేచి, మానడానికి చాలా కాలం పడుతుంది. పాడి పశువు మేతలో ఇది కలిస్తే పాలు చేదెక్కుతాయి. జబల్పూరులోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీనిపై అవగాహన వారం నిర్వహిస్తుంది. అయితే తొలకరికి మొలిచిన మొక్కలు అంతకుముందే పూతకు వస్తాయి కాబట్టి జూలై నెలలోనే రబ్బరు తొడుగులు వేసుకొని లాగించడం మంచిది. ఆకుల మీద మీగడ రంగు వీపు మీద గోధుమ గీతలున్న చిన్న పెంకుపురుగులు కనిపిస్తే వాటిని చంపకూడదు. అవి ఈ మొక్కను తినడం కోసమే 1980లలో మెక్సికో నుంచి మన దేశానికి తెచ్చిన జైగోగ్రామా పురుగులు.

తుంగ, గరిక వేరే దారిలో బతుకుతాయి. తుంగ మొక్కను పట్టి లాగితే పైభాగం చేతికి వస్తుంది, దుంప నేలలోనే ఉండిపోతుంది. ఈ దుంపలు సన్నని తీగలతో ఒకదానికొకటి కలిసి గొలుసులా ఉంటాయి, ఎక్కువ భాగం పై అర అడుగు మట్టిలోనే ఉంటాయి. గొలుసు తెగనంత కాలం చివరి దుంప మొలిచి మిగిలినవి నిద్రపోతాయి. పారతో ఒకసారి తవ్వి వదిలేస్తే గొలుసు తెగి ప్రతి దుంపా విడిగా మొలుస్తుంది. తవ్విన తరువాత తుంగ రెట్టింపయిందని రైతులు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. తుంగను తవ్వితే వేసవిలో తవ్వి దుంపలను ఏరి ఎండబెట్టాలి. వానాకాలంలో అయితే తవ్వకుండా రెండు మూడు వారాలకొకసారి నేలకు సమానంగా కోస్తూ పోవాలి. కొత్త దుంపలు కట్టే వ్యవధి ఇవ్వకుండా ఒక కాలమంతా ఇలా కోస్తే పాత దుంపల్లోని సత్తువ తరిగిపోతుంది. నీడ కూడా తుంగకు గిట్టదు.

గరిక ప్రతి కణుపు దగ్గర వేరు పోసుకుంటుంది, నేల మీద తీగగానూ, నేల లోపల వేరుకాండంగానూ పాకుతుంది. కోసిన ముక్క తడి నేల మీద పడితే చాలు, మరో మొక్క అవుతుంది. దీన్ని పూర్తిగా తీసివేయడం కన్నా గోడ పట్టీలోకి రాకుండా అడ్డుకట్ట వేయడం తేలిక. పట్టీ అవతల పొట్టిగా ఉన్న గరిక నిజానికి మంచిదే. మట్టి కోతను ఆపుతుంది, బురద కాకుండా చూస్తుంది. వినాయక చవితి పత్రిలోని దూర్వాయుగ్మం (జంట గరిక), ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు అన్నీ ఈ కొట్టం వెనుకే దొరుకుతాయి కాబట్టి భాద్రపదం దాకా నాలుగు మొక్కలు ఒక మూలన ఉంచుకుంటే పట్నంలో కొనే పని తప్పుతుంది. ఉమ్మెత్త మాత్రం పశువులకు, పిల్లలకు అందని చోట ఉండాలి, కాయ పగలకముందే తీసివేయాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

గడ్డి పెరిగాక పని మొదలుపెట్టడం మన అలవాటు. అసలు పనికి అనువైన కాలం ఏప్రిల్, మే నెలలు. అప్పుడు గడ్డి ఎండి ఉంటుంది, నేల కనిపిస్తుంది, ఎలుక బొరియలు, పైపుల దారులు, మోటారు కరెంటుకు ఎర్తు ఇచ్చిన గుంట ఎక్కడ ఉన్నాయో స్పష్టంగా తెలుస్తాయి. పారకు నేల గట్టిగా తగిలితే ముందురోజు సాయంత్రం కొద్దిగా నీరు చల్లుకోవచ్చు. రోహిణి కార్తె ముగిసేలోగా పట్టీ పని పూర్తికావాలి.

ఆ ఎండనే కలుపు విత్తనాల మీదికి మళ్ళించవచ్చు. నేలను చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథీన్ పట్టాను నేలకు ఆనేటట్టు పరిచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే లోపలి వేడికి పైపొరలోని విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి. నల్ల పట్టా కన్నా పారదర్శకమైనదే ఈ పనికి మేలు, ఎందుకంటే ఎండ వేడి నేరుగా నేలలోకి దిగుతుంది. గోడ నీడ పడే ఉత్తరపు వైపున ఇది అంతగా పనిచేయదు. తుంగ దుంపలు కూడా దీనికి పూర్తిగా లొంగవు. దాని మొన పలుచని పట్టాను గుచ్చుకొని పైకి వచ్చేస్తుంది.

మృగశిర వానలు పడ్డాక మొదటి తడవ మొలకలు ఒకేసారి లేస్తాయి. అవి రెండు మూడు ఆకుల దశలో ఉండగా ఎండ ఉన్న ఉదయం పారతో అంగుళం లోతున చెక్కితే గంటలో వాడిపోతాయి. అంతకన్నా లోతుకు తవ్వకూడదు. లోతున నిద్రపోతున్న విత్తనాన్ని వెలుతురులోకి తెచ్చి మనమే నాటినట్టవుతుంది. రెండు మూడు వారాల తరువాత మరొకసారి, ఆరుద్ర కార్తెలో పడే వానలు తెరిపి ఇచ్చినప్పుడు, చెక్కితే ఆ ఏడాది పైపొరలోని విత్తనం చాలావరకు ఖర్చయిపోతుంది. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ కాబట్టి అక్టోబరు చివరన, నవంబరులో ఇదే పని మళ్ళీ చేయవలసి ఉంటుంది.

పెరిగిన గడ్డిని తీసేటప్పుడు

నడుము ఎత్తు గడ్డిలోకి నేరుగా చేయి పెట్టకూడదు. ముందు పొడవాటి కర్రతో తట్టి, కొద్దిసేపు ఆగి, బయటి నుంచి గోడ వైపుకు కోసుకుంటూ వెళ్ళాలి. అప్పుడు లోపలున్న పాముకు తప్పుకొనే దారి ఉంటుంది. ఒక పక్క తెరిచి ఉంచడం కూడా మంచిదే. మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి తొడుగులు లేకుండా కూలీలను ఈ పనికి దింపడం న్యాయం కాదు. రక్తపింజరి ఎండుగడ్డి రంగులోనే కలిసిపోయి కదలకుండా ఉంటుంది. కట్లపాము పగలు ఇటుకల గుట్ట, కట్టెల మోపు కింద దాగి ఉంటుంది. అందువల్ల పాత పైపులు, పగిలిన రేకులు, ఇటుకలు ముందుగా గడ్డపారతో కదిలించిన తరువాతే తీయాలి. ఎవరినైనా కాటు వేస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటు వైద్యం వంటివి చేయకుండా, కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి.

గడ్డి కోసే యంత్రం, అంటే బ్రష్ కట్టరు, ఇప్పుడు చాలా తోటల్లో ఉంది, అద్దెకు కూడా దొరుకుతోంది. గోడ వెంబడి, రాళ్ళున్న చోట ఇనుప బ్లేడు వాడకూడదు. రాయికి తగిలితే ఎగిరివచ్చే ముక్క కంటికి ప్రమాదం, ఎండుగడ్డిలో నిప్పురవ్వ లేచే అవకాశమూ ఉంది. అక్కడ నైలాను తాడు తలనే బిగించుకోవాలి. పనిచేసేవారికి కళ్ళద్దాలు, బూట్లు తప్పనిసరి. మిగిలిన మనుషులూ పశువులూ కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి. చిన్న మామిడి, నిమ్మ మొక్కల మొదళ్ళకు నైలాను తాడు తగిలితే బెరడు చుట్టూ చీరుకుపోయి మొక్క నెమ్మదిగా ఎండిపోతుంది, కారణం మాత్రం తెగులనుకుంటారు. మొదలు చుట్టూ అడుగు మేర చేతితోనే తీసుకోవాలి. డ్రిప్పు గొట్టాలను పక్కకు ఎత్తిపెట్టిన తరువాతే యంత్రం నడపాలి.

మూడడుగుల పట్టీ

గోడ నుంచి మూడు అడుగుల మేర అయిదారు అంగుళాల లోతున మట్టి తీసి, గరిక వేరుకాండాలను, తుంగ దుంపలను చేతితో ఏరివేయాలి. ఈ ఏరే పనిని తొందరపడి ముగిస్తే పైన ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు. అడుగు నేలను దిమ్మిసతో కొట్టి, గోడ దగ్గర ఎత్తుగా, బయటి అంచు దగ్గర అంగుళం, అంగుళంన్నర పల్లంగా ఉండేటట్టు వాలు ఇవ్వాలి. దాని మీద కలుపు పైకి రాకుండా ఆపే నేసిన నల్లటి పట్టాను, అంటే వీడ్ మ్యాట్‌ను, పరచాలి. రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద మరొకటి అర అడుగు ఎక్కేటట్టు వేసి ఇనుప కొక్కేలతో బిగించాలి. మామూలు యూరియా సంచుల్ని విప్పి పరిచేవారు ఉన్నారు. కంకర బరువుకు, ఎండకు అవి త్వరగానే చివికి ముక్కలవుతాయి, ఆ ముక్కలు ఏరడం మరో పని అవుతుంది.

మ్యాట్ మీద 20 ఎం.ఎం. కంకర నాలుగు అంగుళాల మందాన పోయాలి. పది అడుగులు, పన్నెండు అడుగుల కొలతలున్న గదికి చుట్టూ మూడడుగుల పట్టీ అంటే 168 చదరపు అడుగులు అవుతుంది. నాలుగు అంగుళాల మందానికి 56 ఘనపుటడుగుల కంకర పడుతుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి సగం యూనిట్ కన్నా కొంచెం ఎక్కువ తెప్పించుకుంటే సరిపోతుంది. క్రషరు డస్టు చవక అని దాన్నే పైన పోయవద్దు. అది తడికి గట్టిపడి విత్తనానికి మంచి మడి అవుతుంది. కంకర రాళ్ళ మధ్య ఖాళీ ఉండడం వల్ల పైన పడిన విత్తనానికి తడి నిలవదు, అదే దాని గుణం. చూరు నీరు కంకర మీద పడితే మట్టి చిమ్మి గోడకు పట్టడం కూడా తగ్గుతుంది.

బయటి అంచున నాపరాతి ముక్కలను నిలువుగా పాతాలి. తాండూరు, బేతంచర్ల బండలు పరిచిన ఇళ్ళలో మిగిలిన అంచు ముక్కలు దీనికి చక్కగా పనికివస్తాయి. నేలలో అర అడుగు లోతుకు, పైన రెండు అంగుళాల ఎత్తుకు ఉండేటట్టు, సందులు లేకుండా పాతితే గరిక వేరుకాండాలు దాటలేవు. పై తీగలు మాత్రం బండ మీదుగా పాకుతాయి. వాటిని అప్పుడప్పుడూ కొడవలితో అంచు వెంబడి తెంపుతుండాలి.

కంకరకు బదులు సిమెంటు చప్టా వేయాలా అన్న ప్రశ్నకు నేలను బట్టి జవాబు చెప్పాలి. ఎర్ర నేలల్లో, చలకల్లో నాలుగు అంగుళాల చప్టా ఏళ్ళ తరబడి నిలుస్తుంది, ఊడ్చుకోవడానికి కూడా వీలు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు పగుళ్ళు తీస్తుంది, దానితోపాటు చప్టా కూడా పగులుతుంది, పగిలిన ప్రతి గీతలోనూ గడ్డి మొలుస్తుంది. రేగడిలో కంకరే మేలు, అది నేలతో కదులుతుంది. మ్యాట్ లేకుండా పోస్తే మాత్రం రెండు మూడు వానాకాలాల్లో కంకరంతా మట్టిలోకి దిగిపోతుంది. చప్టా వేసినవారు గోడకూ చప్టాకూ మధ్య సందును సిమెంటు, ఇసుకతో మూసి వాలుగా తీర్చాలి. ఆ సందుల్లో మొలిచే పరకల మీద సలసల కాగే నీళ్ళు జాగ్రత్తగా పోస్తే పై మొక్క చచ్చిపోతుంది. వేరు బలంగా ఉన్నవాటికి మళ్ళీ మళ్ళీ పోయాలి.

ఖర్చు పెట్టలేనివారు ఎండుటాకులు, వేరుసెనగ పొట్టు, కొబ్బరి పీచు మూడు నాలుగు అంగుళాల మందాన పరవవచ్చు. ఇది చెట్ల పాదులకు అద్భుతంగా పనిచేసే పద్ధతే గానీ గోడకు ఆనించి వేస్తే చెదలను పిలిచినట్టవుతుంది. గోడ నుంచి అడుగు దూరం ఒట్టి నేల వదలాలి. తాటాకు, గడ్డి కప్పు ఉన్న పాక చుట్టూ ఈ పద్ధతి అసలు వద్దు. అటువంటి పాకకు, గడ్డివాముకు చుట్టూ వేసవిలో పది అడుగుల మేర నేలను చెక్కి ఒట్టిగా ఉంచడమే నిప్పు నుంచి రక్షణ.

పట్టీ అవతల పెద్ద ఖాళీ జాగా ఉంటే దాన్ని ఒట్టిగా వదలడం కన్నా ఏదో ఒకటి విత్తడం మంచిది. తొలకరిలో జనుము గానీ పిల్లిపెసర గానీ ఒత్తుగా చల్లితే అవి నేలను కమ్మేసి కలుపుకు వెలుతురు అందనివ్వవు; పూతకు వచ్చినప్పుడు కోసి చెట్ల పాదుల్లో వేసుకోవచ్చు. బొబ్బర్లు, చిలగడదుంప తీగ కూడా ఇదే పని చేస్తాయి. వయ్యారిభామ విపరీతంగా ఉన్న చోట తగిరిస, బంతి విత్తనాలు దట్టంగా చల్లి దాన్ని తొక్కేయించడం పరిశోధన సంస్థలు సిఫారసు చేసిన పద్ధతే.

బోరు, కరెంటు ఉన్న చోట

మోటారు గది దగ్గర కొడవలి పెట్టే ముందు స్టార్టరు ఆపితే సరిపోదు, మెయిను కూడా దించాలి. గడ్డిలో పడి ఉన్న సర్వీసు తీగ, ఎలుకలు కొరికిన కేబులు, ఎర్తు తీగ పచ్చి గడ్డిలో కనిపించవు. వాటిని ముందుగా వెతికి గొట్టంలో వేసి గోడకు బిగించడం, ఆ తరువాతే యంత్రం తీసుకురావడం క్షేమం. ఎర్తు గుంట చుట్టూ గడ్డి తీయాలి గానీ దాని మీద చప్టా వేసి మూసివేయకూడదు. వేసవిలో అందులో నీరు పోయడానికి దారి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు కంచె లోపలి గడ్డి జోలికి రైతు వెళ్ళకూడదు, దాన్ని లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించి తీయించాలి.

బోరు కేసింగు పక్కన ఏ రకమైన కలుపు మందూ, పాత ఇంజను ఆయిలూ, డీజిలూ పోయకూడదు. కేసింగు గొట్టం పక్కనున్న సందు నేరుగా భూగర్భ జలానికి దారి. ఆ నీళ్ళే తోటలో పనిచేసేవారు తాగుతారు. కేసింగు చుట్టూ బయటికి వాలుగా ఉండే సిమెంటు గద్దె కడితే గడ్డి రాదు, మురికి నీరూ లోపలికి దిగదు.

పశువుల పాక చుట్టూ

గోమార్లను కొన్ని ప్రాంతాల్లో పిడుదులు అంటారు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు పశువు నుంచి రాలి గోడ పగుళ్ళలో, నీడగా తేమగా ఉన్న నేలలో వేల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన గోమారు పిల్లలు గడ్డి పరకల కొనల మీదికి ఎక్కి దాటిపోయే పశువు కోసం కాచుకొని ఉంటాయి. పశువుకు మందు రాసి, పాక చుట్టూ గడ్డిని అలాగే వదిలేస్తే వచ్చే నెలకు మళ్ళీ అదే స్థితి. అందువల్ల పాక చుట్టూ పట్టీని మూడడుగులకు బదులు ఆరడుగులు చేసుకోవడం, గోడ పగుళ్ళు మూయడం రెండూ కలిపి చేయాలి. కడిగిన నీరు నిలవకుండా ఒక కాలువ తీసి పచ్చి మేత మడిలోకి వదిలితే ఆ నీరు వృథా కాదు.

పేడ దిబ్బ కూడా కలుపు నర్సరీయే. పశువులు తిన్న గడ్డిలోని విత్తనాల్లో కొన్ని మొలిచే శక్తి పోకుండానే పేడలోకి వస్తాయి. దిబ్బను కప్పి, తడి చూస్తూ, రెండు మూడు సార్లు తిరగేసి బాగా మాగనిస్తే లోపలి వేడికి అవి చస్తాయి. పచ్చి పేడను తోలితే కొట్టం వెనుక కలుపు పొలంలోకి బండ్ల మీద వెళ్ళినట్టే. తిరుగుడు కోళ్ళు ఉన్నవారికి పాక చుట్టూ కలుపు మొలకల బాధ సగం తగ్గుతుంది, అవి గీరి గీరి మొలక నిలవనివ్వవు.

కలుపు మందుల సంగతి

గోడ పట్టీ వంటి చిన్న జాగాకు కలుపు మందు అవసరమని నేను అనుకోను. అయినా వాడేవారు ఎక్కువే కాబట్టి కొన్ని సంగతులు చెప్పక తప్పదు. గ్లైఫోసేట్‌ను తెగులు నియంత్రణ నిర్వాహకులు (పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు) తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ తగిలిన ఆకును మాత్రమే మాడ్చేస్తుంది, తుంగ దుంపనూ గరిక వేరునూ చంపదు. మనిషి కడుపులోకి కొద్దిగా వెళ్ళినా ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు లేదు. పశువులూ పిల్లలూ తిరిగే పాక దగ్గర అటువంటి డబ్బా ఉంచడమే ప్రమాదం. 2,4-డి పొగమంచులా గాలికి తేలి పక్కన ఉన్న పత్తి, టమాటా, మిరప ఆకులను మెలితిప్పేస్తుంది. అది కొట్టిన స్ప్రేయరును ఎంత కడిగినా పత్తికి వాడకపోవడం మంచిది. కలుపు మందుకు వేరే స్ప్రేయరు పెట్టుకొని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

వాడక తప్పదనుకున్నవారు డబ్బా మీద రాసిన మోతాదునే పాటించాలి, గాలి లేని పూట నాజిలుకు తొడుగు వేసి కొట్టాలి, మందు కొట్టిన జాగాలో పశువులను కొన్నాళ్ళు మేపకూడదు. ఖాళీ డబ్బాను చిల్లులు పొడిచి పారవేయాలి; నీళ్ళకూ నూనెకూ వాడకూడదు.

మందుకు బదులు ఉప్పు, వెనిగరు, సబ్బు కలిపి పోయమనే సలహా ఈమధ్య బాగా తిరుగుతోంది. వంటింటి వెనిగరు లేత ఆకును వాడ్చుతుంది, వేరు జోలికి వెళ్ళదు. ఉప్పు నీళ్ళను బంజరులో వయ్యారిభామ మీద చల్లమని నిపుణులు చెప్పే మాట నిజమే గానీ గోడ పక్కన పోస్తే ఇటుక పెళుసుబారుతుంది, పునాది ఇనుము తుప్పు పడుతుంది, ఆ మట్టి ఏ మొక్కకూ పనికిరాకుండా పోతుంది. నిప్పు పెట్టి కాల్చడం గురించి వేరే చెప్పనక్కరలేదు. కట్టడం పక్కన అది ఏ కాలంలోనూ తగదు.

గోడ మీద మొలిచేవి, గోడ ఎక్కేవి

పిట్టల రెట్టలో వచ్చిన రావి, మర్రి, జువ్వి విత్తనాలు రేకు కింద గోడ పగుళ్ళలో మొలుస్తాయి. రావి మొక్కను తీయడానికి చాలామందికి మనసొప్పదు, ఆ సంకోచంలోనే మొక్క గోడను చీల్చేంత అవుతుంది. రెండు ఆకులున్నప్పుడే తడి గోడ నుంచి వేరుతో లాగి చెరువు గట్టునో గుడి ఆవరణలోనో నాటితే గోడా నిలుస్తుంది, చెట్టూ బతుకుతుంది. ముదిరిన మొక్కను కోసి వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఉలితో పగులు తెరిచి వేరు తీసి, సిమెంటు మాలుతో మూయాలి. కాకిదొండ, దుష్టపు తీగ వంటివి రేకుల కిందికి దూరి, కొక్కేలను వదులు చేస్తాయి. వీటిని పై నుంచి పీకితే రేకు లేస్తుంది. మొదలు నరికి, తీగ పూర్తిగా ఎండిన తరువాత విడదీయాలి.

తీసిన కలుపును ఏం చేయాలి

పూత రాని మొక్కలు, వయ్యారిభామతో సహా, కంపోస్టు గుంటలో వేసుకోవచ్చు. విత్తనం కట్టినవి, తుంగ దుంపలు, గరిక వేరుకాండాలు అందులో వేయకూడదు. వాటిని పాత రేకు మీదనో బండ మీదనో పలుచగా పరిచి, పెళపెళ విరిగేదాకా ఎండలో ఉంచిన తరువాతే కుప్ప వేయాలి. గంగవాయిలి కూర వంటి రసం నిండిన మొక్కలు పీకి పడేసినా తడి నేల మీద మళ్ళీ వేరు పోసుకుంటాయి కాబట్టి వాటిని వేర్లు పైకి ఉండేటట్టు బండ మీద ఆరబెట్టాలి. అసలు గంగవాయిలి, పొన్నగంటి, చిలక తోటకూర లేతగా ఉన్నప్పుడు వంటింటికి వెళ్ళవలసినవి. మందు కొట్టిన జాగా, ఆయిలు ఒలికిన జాగా కాకపోతే పప్పులో వేసుకోవడానికి అభ్యంతరం లేదు. కోసిన గడ్డిని గోడ పక్కనే కుప్పగా వదిలితే ఎలుకలు దానిలోకే చేరతాయి, కనుక అదే రోజు సాయంత్రానికి ఎత్తివేయించి కూలీ లెక్క ముగించాలి.